18446744073709551615 (సంఖ్య)

18446744073709551615 అనేది ఇరవై అంకెలు గల ఒక బేసి సహజ సంఖ్య. అరవై నాలుగు రెండ్లను ఒకదానితో ఒకటి గుణించగా వచ్చిన లబ్ధం నుండి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. గణిత సంకేతాలలో దీనిని 2⁶⁴ − 1 అని వ్రాస్తారు. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్ళలోని గింజల మొత్తం ఇదే. అందువలన దీనిని చదరంగపు గళ్ళ సంఖ్య అని కూడా వ్యవహరిస్తారు. తెలుగులో ఈ సంఖ్యకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. తొలి తెలుగు గణిత కవి పావులూరి మల్లన రచనగా ప్రసిద్ధి చెందిన ఒక పద్యం ఇందలి ఇరవై అంకెలనూ ఒక్కటి కూడా తప్పకుండా చెబుతుంది.

చదివే విధానం

భారతీయ పద్ధతిలో కామాలు పెట్టి ఈ సంఖ్యను 1,84,46,74,40,73,70,95,51,615 అని వ్రాయాలి. కోట్లలో చెప్పాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను అవుతుంది.

ప్రాచీన గణిత గ్రంథాలలో కోటికి పైన కూడా ప్రతి స్థానానికీ వేరు వేరు పేర్లు ఉన్నాయి. క్రీ.శ. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో ఉన్న మహావీరాచార్యుడు తన 'గణిత సార సంగ్రహం' అనే సంస్కృత గ్రంథంలో 24 స్థానాలకు పేర్లు చెప్పాడు. కోటి తరువాత దశకోటి, శతకోటి, అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం, క్షోణి, మహాక్షోణి, శంఖం, మహాశంఖం, క్షితి, మహాక్షితి, క్షోభం, మహాక్షోభం అనేవి వరుసగా వస్తాయి. ఇందులో ఇరవయ్యవ స్థానం మహాశంఖం. కాబట్టి మన సంఖ్య ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు అని మొదలవుతుంది. అంతటి పెద్ద సంఖ్యకు కూడా ఆ పట్టికలో ఇంకా నాలుగు స్థానాలు మిగిలే ఉంటాయి.

గ్రంథాలను బట్టి ఈ పేర్లు, వాటి విలువలు మారుతుంటాయి. అందుచేత శంఖం, పద్మం వంటి మాటలు కనబడినప్పుడు అది ఏ గ్రంథంలోని పట్టికయో ముందు తెలుసుకొనడం అవసరం.

చదరంగం కథ

చదరంగాన్ని కనిపెట్టిన పండితుడు రాజును బహుమతిగా గింజలు కోరిన కథ అనేక దేశాలలో వాడుకలో ఉన్నది. అడిగినది గుప్పెడు గింజలే కదా అని రాజు నవ్వడం, లెక్క కట్టిన తరువాత ధాన్యాగారాలన్నీ చాలవని తెలియడం ఈ కథలోని ప్రధానాంశాలు. 13వ శతాబ్దపు అరబ్బీ రచయిత ఇబ్న్ ఖల్లికాన్ రచనలో ఆ పండితుని పేరు సిస్సా. భారతదేశానికి వచ్చి ఇక్కడి శాస్త్రాలను అధ్యయనం చేసిన అల్ బెరూనీ (973-1048) ఈ మొత్తాన్ని సరిగా లెక్కించి తన గ్రంథంలో పొందుపరచాడు. కథ కల్పితమే కావచ్చును గాని లెక్క మాత్రం వాస్తవం.

ఈ కథను చెప్పేటప్పుడు మూడు వేరు వేరు సంఖ్యలను కలగాపులగం చేయడం సర్వసాధారణం. వాటి భేదం ఇది:

- చివరి గడిలో మాత్రమే ఉండే గింజలు: 2⁶³, అనగా 92,23,37,20,36,85,47,75,808
- అన్ని గళ్ళలోని గింజల మొత్తం: 2⁶⁴ − 1, అనగా 1,84,46,74,40,73,70,95,51,615
- అరవై అయిదవ గడి అంటూ ఉంటే అందులో ఉండవలసిన గింజలు: 2⁶⁴, అనగా 1,84,46,74,40,73,70,95,51,616

చివరి రెండింటికీ భేదం ఒక్క గింజ మాత్రమే. ఏ గడిని తీసుకున్నా అంతకు ముందున్న గళ్ళన్నింటి మొత్తం కంటె అందులో సరిగ్గా ఒక గింజ ఎక్కువ ఉంటుంది. మొదటి మూడు గళ్ళ మొత్తం 1 + 2 + 4 = 7, నాలుగవ గడిలో 8. మొదటి నాలుగు గళ్ళ మొత్తం 15, అయిదవ గడిలో 16. ఈ సంబంధం చివరి గడి వరకు మారదు.

లెక్కించే విధానం

అరవై మూడు సార్లు రెట్టింపు చేసి, వచ్చిన సంఖ్యలన్నింటినీ కూడవలసిన పని లేదు. పదాల మొత్తాన్ని S అనే అక్షరానికి బదులు 'మొ' అనుకుందాం. ప్రతి గడినీ రెట్టింపు చేస్తే మొత్తం కూడా రెట్టింపై 2మొ అవుతుంది. అయితే రెట్టింపు చేయడం వలన మొదటి గడి రెండవ గడి వలె, రెండవది మూడవదాని వలె మారుతుంది. కాబట్టి 2మొ లో నుండి మొ తీసివేసినప్పుడు నడుమ ఉన్నవన్నీ కొట్టుకుపోయి, చివర 2⁶⁴, మొదట 1 మాత్రమే మిగులుతాయి. అనగా మొ = 2⁶⁴ − 1. ఇది గుణశ్రేఢి మొత్తం కనుగొనే సూత్రానికి ఒక ఉదాహరణ. మహావీరాచార్యుడు ఇటువంటి మొత్తాన్ని గుణసంకలితం అని పేర్కొన్నాడు.

ఇక 2⁶⁴ ను కనుగొనడానికి ఆరు సార్లు వర్గం చేస్తే చాలును. ఎందుకంటే 64 అనే ఘాతాంకం ఒకటిని ఆరు సార్లు రెట్టింపు చేయగా వచ్చేదే.

- 2 యొక్క వర్గం 4
- 4 యొక్క వర్గం 16
- 16 యొక్క వర్గం 256
- 256 యొక్క వర్గం 65,536
- 65,536 యొక్క వర్గం 4,29,49,67,296
- 4,29,49,67,296 యొక్క వర్గం 1,84,46,74,40,73,70,95,51,616

చివరి గుణకారం ఒక్కటే కొంత శ్రమతో కూడినది. పలక, బలపం ఉన్న విద్యార్థి దీనిని ఒక పూటలో చేయగలడు. ఘాతాంకం సరిసంఖ్య అయితే సగం చేసి వర్గం చేయడం, బేసి అయితే ఒకటి తగ్గించి ఒకసారి గుణించడం అనే ఈ ఉపాయం మన దేశంలో చాలా ప్రాచీనమైనది. పింగళుని ఛందశ్శాస్త్రంలో వృత్తాల సంఖ్యను కనుగొనడానికి ఈ పద్ధతినే చెప్పారు.

తెలుగు పద్యంలో

పావులూరి మల్లన 'సార సంగ్రహ గణితము' అనే గ్రంథాన్ని రచించాడు. దీనికి పావులూరి గణితము అనే పేరు కూడా ఉన్నది. ఇది మహావీరాచార్యుని గ్రంథానికి పద్యరూపమైన తెలుగు అనువాదం. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దీనిని పరిగణిస్తారు. మల్లన 11వ శతాబ్దం వాడని చెబుతారు. ఆయన తాత పేరు కూడా మల్లనయే కావడం వలన కాలనిర్ణయం విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

చదరంగపు గళ్ళ సంఖ్యను చెప్పే పద్యం ఆయన పేరుతోనే ప్రచారంలో ఉన్నది. ఇది చంపకమాల వృత్తంలో ఉన్న పద్యం. ఇందులో అంకెలను నేరుగా చెప్పక, భూతసంఖ్యా పద్ధతిలో వస్తువుల పేర్లతో సూచించారు. లోకంలో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయని ప్రసిద్ధియో ఆ వస్తువు పేరు ఆ అంకెను తెలుపుతుంది. ఈ సంఖ్యకు కావలసిన సంకేతాలు ఇవి:

- 0: ఆకాశం (శూన్యం కనుక)
- 1: చంద్రుడు
- 3: అగ్ని (త్రేతాగ్నులు)
- 4: వేదాలు, సముద్రాలు, బ్రహ్మ ముఖాలు
- 5: బాణాలు (మన్మథుని పంచబాణాలు)
- 6: తర్కాలు, షట్కం
- 7: పర్వతాలు (కులపర్వతాలు)
- 8: ఏనుగులు (అష్టదిగ్గజాలు)
- 9: రంధ్రాలు (శరీరంలోని నవరంధ్రాలు)

ఈ పట్టికలో 2 కనబడదు. రెట్టింపు మీద రెట్టింపుతో పుట్టిన ఈ సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కసారి కూడా రాకపోవడం ఒక విశేషం. అందుచేత రెండును సూచించే నేత్రాలు, కరములు, పక్షములు వంటి మాటలతో కవికి పని పడలేదు. మిగిలిన తొమ్మిది అంకెలూ వస్తాయి. అత్యధికంగా నాలుగు అనే అంకె నాలుగు సార్లు వస్తుంది. ఆ నాలుగింటికీ కవి నాలుగు వేరు వేరు మాటలు వాడాడు. 1, 5, 7 మూడేసి సార్లు, 0, 6 రెండేసి సార్లు, 3, 8, 9 ఒక్కొక్కసారి వస్తాయి.

భూతసంఖ్యలను చదివేటప్పుడు అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయన్నది నియమం. పద్యంలో మొదట వచ్చే మాట ఒకట్ల స్థానానికి, రెండవ మాట పదుల స్థానానికి చెందుతాయి. చివరి మాట మహాశంఖ స్థానంలోని ఒకటిని చెబుతుంది.

ఈ పద్యపు ఛందస్సుకు, ఇందులోని లెక్కకు కూడా ఒక సంబంధం ఉన్నది. చంపకమాల పాదంలో 21 అక్షరాలు ఉంటాయి. ప్రతి అక్షరం గురువు గాని లఘువు గాని కావచ్చును. కాబట్టి 21 అక్షరాల పాదాన్ని కూర్చే విధాలు 2²¹, అనగా 20,97,152. ప్రస్తార క్రమంలో చంపకమాల వీటిలో 7,11,600వ వృత్తం. గడి గడికీ గింజలు రెట్టింపైనట్లే అక్షరం అక్షరానికీ వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది.

తాటాకుపై వ్రాసిన అంకె చెరిగిపోతే దానిని తిరిగి తెలుసుకొనే దారి ఉండదు. పద్యంలోని మాట జారిపోతే మాత్రం ఛందస్సు తప్పుతుంది, యతిప్రాసలు కుదరవు, విన్నవారు వెంటనే పట్టుకుంటారు. ధారణకు ప్రాధాన్యం ఉన్న సమాజంలో పద్యం సంఖ్యను భద్రపరచే సాధనంగా పనిచేసింది. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ప్రాంతం ఇటువంటి ధారణా విద్యకు ఆదరణ లభించిన నేలలలో ఒకటి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కవిపండితులను పోషించాయి. విద్వద్గద్వాల అనే పేరు అందువలన వచ్చినదే. అవధాన విద్యకు ప్రసిద్ధులైన తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలను దర్శించారు. పూర్వపు అష్టావధానాలలో పద్యాలు చెబుతూనే చదరంగం ఆడడం కూడా ఒక అంశంగా ఉండేది.

సరిచూసే పద్ధతులు

ఛందస్సు మాటలను కాపాడుతుంది గాని వాటి అర్థాన్ని కాపాడలేదు. మాటకు విలువ తప్పుగా కట్టినా పద్యం చెక్కుచెదరదు, సంఖ్య మాత్రం తప్పుతుంది. అటువంటి తప్పులను గణితంతోనే పట్టుకోవాలి. ఇందుకు రెండు సులభమైన పరీక్షలు ఉన్నాయి.

తొమ్మిదితో పరీక్ష: ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషానికి సమానం. ఈ సంఖ్యలోని అంకెల మొత్తం 87. దీనిని 9తో భాగిస్తే శేషం 6. ఇక వేరొక దారిలో చూద్దాం. 2⁶ = 64; దీనిని 9తో భాగిస్తే శేషం 1. 2⁶⁴ లో 2⁶ పది సార్లు పోగా 2⁴ = 16 మిగులుతుంది. 16ను 9తో భాగిస్తే శేషం 7, అందులో ఒకటి తీసివేస్తే 6. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి.

పదకొండుతో పరీక్ష: కుడివైపు నుండి అంకెలను ఒకటి కూడుతూ, తరువాతి దానిని తీసివేస్తూ పోవాలి. ఈ సంఖ్యకు 37 వస్తుంది. దీనిని 11తో భాగిస్తే శేషం 4. రెండవ దారిలో 2¹⁰ = 1024; దీనిని 11తో భాగిస్తే శేషం 1. 2⁶⁴ లో 2¹⁰ ఆరు సార్లు పోగా మరల 16 మిగులుతుంది. 16కు శేషం 5, ఒకటి తీసివేస్తే 4. ఇక్కడ కూడా సరిపోయింది.

ఈ పరీక్షల ఉపయోగం తప్పు చదివినప్పుడు తెలుస్తుంది. ఉదాహరణకు మూడు సందర్భాలు:

- సముద్రాలు ఏడు అనే వాడుక కూడా ఉన్నది కనుక పద్యంలోని రెండు సముద్రాలనూ ఏడుగా తీసుకుంటే అంకెల మొత్తం 93 అవుతుంది. శేషం 6కు బదులు 3 వస్తుంది. తప్పు బయటపడుతుంది.
- రంధ్రం అంటే ఖాళీ కదా అని దానిని సున్నగా తీసుకుంటే సంఖ్యలో 90 లక్షలు తగ్గిపోతాయి. తొమ్మిదితో పరీక్ష దీనిని పట్టుకోలేదు, ఎందుకంటే 0కి, 9కి శేషం ఒక్కటే. పదకొండుతో పరీక్షలో 37కు బదులు 28 వస్తుంది. శేషం 4 కాదు, 6. తప్పు దొరుకుతుంది.
- కుడి ఎడమల నియమం తెలియక మాటలను వచ్చిన వరుసలోనే వ్రాస్తే 51615590737044764481 అవుతుంది. అంకెలు అవే కనుక తొమ్మిదితో పరీక్షకు ఇది నెగ్గుతుంది. పదకొండుతో పరీక్షలో శేషం 7 వచ్చి తప్పిపోతుంది.

పక్కపక్కన ఉన్న రెండు వేరు వేరు అంకెలు తారుమారైనా, ఏదైనా ఒక అంకె మారినా పదకొండుతో పరీక్ష తప్పక పట్టుకుంటుంది. పెక్కు తప్పులు ఒకేసారి జరిగి ఒకదానినొకటి కప్పిపుచ్చితే మాత్రం ఏ ఒక్క పరీక్షా చాలదు. అందుకే రెండింటినీ కలిపి వాడడం మంచిది.

కారణాంకాలు

ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. చివరి అంకె 5 కనుక 5తోను, అంకెల మొత్తం 87 కనుక 3తోను నిశ్శేషంగా భాగింపబడుతుంది. దీని సంపూర్ణ కారణాంక విభజన:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన కారణాంకాలూ వేరు వేరు. కనుక దీనికి మొత్తం 2⁷ = 128 భాజకాలు ఉన్నాయి. ఇరవై అంకెల సంఖ్యను విడగొట్టడం సామాన్యంగా కష్టం. దీని విషయంలో మాత్రం రెండు వర్గాల భేదం అనే పాఠశాల సూత్రమే తలుపు తెరుస్తుంది. 2⁶⁴ − 1 అనేది (2³² − 1), (2³² + 1) ల లబ్ధం. 2³² − 1 ను మరల అలాగే విడదీయవచ్చును. ఇలా చివరి వరకు వెళ్ళి, తిరిగి కింది నుండి గుణించుకుంటూ వస్తే ఈ వరుస కనబడుతుంది:

- 3 × 5 = 15
- 15 × 17 = 255
- 255 × 257 = 65,535
- 65,535 × 65,537 = 4,29,49,67,295
- 4,29,49,67,295 × 4,29,49,67,297 = 1,84,46,74,40,73,70,95,51,615

ఇక్కడ గుణకాలుగా వచ్చిన 3, 5, 17, 257, 65537, 4294967297 లను ఫెర్మా సంఖ్యలు అంటారు. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు పియర్ ద ఫెర్మా 17వ శతాబ్దంలో ఈ రకపు సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని భావించాడు. మొదటి అయిదూ నిజంగా ప్రధాన సంఖ్యలే. ఆరవదైన 4294967297 = 641 × 6700417 అని లియొనార్డ్ ఆయిలర్ 1732లో చూపడంతో ఆ ఊహ తప్పని తేలింది. ఆరవదాని తరువాత ఇంతవరకు పరిశీలించిన ఫెర్మా సంఖ్యలలో ప్రధాన సంఖ్య ఒక్కటి కూడా దొరకలేదు.

641 ఎందుకు భాగిస్తుందో గుణకారం చేయకుండానే చూపవచ్చును. 641 = 5 × 2⁷ + 1. అలాగే 641 = 5⁴ + 2⁴ (625 + 16). మొదటి దానిని బట్టి 641తో భాగించినప్పుడు 5 × 2⁷ అనేది −1 తో సమానం. నాలుగవ ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸ అనేది 1తో సమానం. రెండవ దానిని బట్టి 5⁴ అనేది −2⁴ తో సమానం. దానిని ప్రతిక్షేపిస్తే −2³² అనేది 1తో సమానమని, అనగా 2³² + 1 ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని తేలుతుంది.

ఫెర్మా ప్రధాన సంఖ్యలకు క్షేత్రగణితంలో కూడా స్థానం ఉన్నది. కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి ఎన్ని భుజాల క్రమబహుభుజిని గీయవచ్చునన్న ప్రశ్నకు గౌస్ చూపిన మార్గంలో సమాధానం ఈ సంఖ్యలపైనే ఆధారపడి ఉంటుంది. 2³² − 1 అనేది అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. కాబట్టి 4,29,49,67,295 భుజాల క్రమబహుభుజిని సిద్ధాంతరీత్యా గీయవచ్చును. 2⁶⁴ − 1 భుజాల బహుభుజిని గీయడం సాధ్యం కాదు. 641, 6700417 ఫెర్మా సంఖ్యలు కాకపోవడమే దీనికి కారణం.

మూడు జిల్లాల కొలతలో

ఇరవై అంకెలను కంటితో చూసినంత మాత్రాన వాటి పరిమాణం మనసుకు అందదు. తెలిసిన నేలతో, తెలిసిన ధాన్యంతో పోల్చి చూడడం మేలు. గ్రాముకు 40 బియ్యపు గింజలు అనుకుందాం. చదరంగపు బల్లపై ఒక్కొక్క వరుసలో 8 గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క వరుస పూర్తి అయ్యేసరికి ఉండే మొత్తం గింజలు, వాటి బరువు ఇలా ఉంటాయి:

- మొదటి వరుస: 255 గింజలు, సుమారు 6 గ్రాములు
- రెండవ వరుస: 65,535 గింజలు, సుమారు 1.6 కిలోలు
- మూడవ వరుస: 1,67,77,215 గింజలు, సుమారు 419 కిలోలు
- నాలుగవ వరుస: 4,29,49,67,295 గింజలు, సుమారు 107 టన్నులు
- అయిదవ వరుస: 10,99,51,16,27,775 గింజలు, సుమారు 27 వేల టన్నులు
- ఆరవ వరుస: 28,14,74,97,67,10,655 గింజలు, సుమారు 70 లక్షల టన్నులు
- ఏడవ వరుస: 72,05,75,94,03,79,27,935 గింజలు, సుమారు 180 కోట్ల టన్నులు
- ఎనిమిదవ వరుస: 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు, సుమారు 46 వేల కోట్ల టన్నులు

బల్ల సగం నిండేసరికి 50 కిలోల బస్తాలు రెండు వేల పైచిలుకు మాత్రమే అవుతాయి. అంతవరకు రాజు నవ్వడంలో ఆశ్చర్యం లేదు. ప్రపంచంలో ఇప్పుడు ఏటా ఉత్పత్తి అయ్యే బియ్యం సుమారు 52 కోట్ల టన్నులు. ఆ లెక్కన బల్ల మొత్తాన్ని నింపడానికి దాదాపు 900 సంవత్సరాల పంట కావాలి.

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ మూడింటి విస్తీర్ణం కలిపి సుమారు 12 వేల చదరపు కిలోమీటర్లు. ఘనమీటరుకు 800 కిలోల బియ్యం పడుతుందనుకుంటే మన గింజల ఘనపరిమాణం సుమారు 576 ఘన కిలోమీటర్లు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మొదలు నల్లమల అడవుల వరకు మూడు జిల్లాల నేలనంతటినీ ఈ బియ్యంతో సమంగా కప్పితే మేట 48 మీటర్ల ఎత్తు వస్తుంది. ఇది సుమారు పదిహేను అంతస్తుల మేడ ఎత్తు.

నీటి కొలతలో చెప్పాలంటే ఈ ఘనపరిమాణం 20 వేల టీఎంసీలకు పైగా ఉంటుంది. కృష్ణానదిపై ఉన్న జూరాల జలాశయం సామర్థ్యం సుమారు 10 టీఎంసీలు. అటువంటి జలాశయాలు రెండు వేలు ఉంటే గాని ఈ బియ్యం పట్టదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడు జిల్లాల జనాభా సుమారు 20 లక్షలు. అందరికీ సమంగా పంచితే ఒక్కొక్కరికి రెండు లక్షల టన్నులకు పైగా వస్తుంది. సన్నరకం బియ్యం తీసుకుంటే బరువు, ఎత్తు ఇంచుమించు సగానికి తగ్గవచ్చును.

హనోయి గోపురాలు

ఇదే సంఖ్య మరొక ప్రసిద్ధమైన లెక్కలో కూడా వస్తుంది. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లూకా 1883లో హనోయి గోపురాలు అనే ఆటను ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కడ్డీలు, వేరు వేరు పరిమాణాలు గల బిళ్ళలు ఇందులోని పరికరాలు. ఒకసారి ఒక బిళ్ళనే కదుపుతూ, చిన్న బిళ్ళపై పెద్ద బిళ్ళను ఎన్నడూ ఉంచకుండా, బిళ్ళలన్నింటినీ ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకి చేర్చాలి. 3 బిళ్ళలకు కనీసం 7 ఎత్తులు, 4 బిళ్ళలకు 15 ఎత్తులు కావాలి. ఒక బిళ్ళ పెరిగితే ఎత్తులు రెట్టింపై మరొకటి అధికమవుతుంది. ఆటతో పాటు చెప్పిన కట్టుకథలో కాశీ నగరపు ఆలయంలో 64 బంగారు బిళ్ళలు ఉంటాయి. వాటికి కావలసిన ఎత్తులు 2⁶⁴ − 1. క్షణం ఆగకుండా సెకనుకు ఒక ఎత్తు వేసినా సుమారు 58 వేల 4 వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ కాలం దీనికి నలభై రెండు రెట్లకు పైగా ఉంటుంది.

కంప్యూటర్లలో

కంప్యూటర్లు సంఖ్యలను 0, 1 అనే రెండే అంకెలతో, అనగా ద్విసంఖ్యామానంలో నిలువ చేస్తాయి. ఆ మానంలో 2⁶⁴ − 1 ను వ్రాస్తే వరుసగా అరవై నాలుగు ఒకట్లు వస్తాయి. నేటి కంప్యూటర్లలో ఎక్కువ భాగం 64 బిట్లను ఒక పదంగా తీసుకొని పనిచేస్తాయి. గుర్తు లేని పూర్ణాంకాలలో 64 బిట్లకు పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దీనికి ఒకటి కలిపితే ఫలితం చోటు చాలక మరల సున్నకు చేరుతుంది. ధనాత్మక, ఋణాత్మక సంఖ్యలు రెండింటికీ చోటు ఉంచితే గరిష్ఠ విలువ 2⁶³ − 1 మాత్రమే. అనగా చదరంగపు బల్లపై మొదటి అరవై మూడు గళ్ళ మొత్తం.

చదరంగం ఆడే ప్రోగ్రాములలో ఈ సంబంధం నేరుగా కనబడుతుంది. బల్లపై 64 గళ్ళు, పదంలో 64 బిట్లు ఉండడం వలన ఒక్కొక్క గడికి ఒక్కొక్క బిట్టును కేటాయిస్తారు. గడిలో పావు ఉంటే 1, లేకుంటే 0. బల్లపై అన్ని గళ్ళూ నిండి ఉన్నాయని చెప్పవలసి వస్తే ఆ పదం విలువ సరిగ్గా 18446744073709551615 అవుతుంది.

అయితే కంప్యూటరు చూపే ప్రతి అంకెనూ నమ్మడానికి వీలు లేదు. సాధారణ స్ప్రెడ్‌షీటు ప్రోగ్రాములు 15 సార్థక అంకెలను మాత్రమే చూపుతాయి. వాటిలో 2⁶⁴ − 1 అని లెక్క వేస్తే 18446744073709600000 వంటి జవాబు వస్తుంది. చివరి అయిదు స్థానాలు సున్నలై, ఆరవ స్థానంలో 5కు బదులు 6 నిలుస్తుంది. లోపల కూడా 53 బిట్ల ఖచ్చితత్వమే ఉండడం వలన ఒకటి తీసివేయడం జరగనే జరగదు. 2⁶⁴ కు, 2⁶⁴ − 1 కు అక్కడ భేదం ఉండదు. పైన చెప్పిన రెండు పరీక్షలు ఈ తప్పును కూడా పట్టుకుంటాయి. ఆ జవాబులోని అంకెల మొత్తం 70, తొమ్మిదితో శేషం 7, కావలసినది 6. పూర్ణాంకాలను ఎన్ని అంకెలైనా పూర్తిగా నిలుపుకొనే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. ఇటువంటి లెక్కలకు వాటిని వాడడమో, ఆరు సార్లు వర్గం చేసి చేతితో లెక్కించడమో చేయాలి. కాగితం, కంప్యూటరు రెండూ లేని కాలంలో చంపకమాల పద్యం చివరి అంకెతో సహా ఇరవై అంకెలనూ అందించింది.